మ్యాప్‌లో మొదటి గుండుసూది

1990 జూలై రెండో తేదీ, సోమవారం పొద్దున్న, ఆఫీసు గేటు ఇంకా సగమే తెరిచి ఉండగా, భుజాన తమ బరువుకు దీటైన సంచీతో, నుదుటి మీదకి ఎత్తిపెట్టిన కళ్లజోడుతో, గౌరవనీయులైన డాక్టరమ్మగారు మన అంటువ్యాధుల పరిశోధన విభాగంలో పదవీ బాధ్యతలు స్వీకరించారు. కూర్చుని కాదు, నిలబడే స్వీకరించారు. ఎందుకంటే వారికి కేటాయించిన కుర్చీకి మూడు కాళ్లే ఉన్నాయి. నాలుగో కాలు కోసం పెట్టుకున్న అర్జీ బల్లలన్నీ తిరిగి మంజూరై వచ్చేసరికి వారికి ప్రమోషనొచ్చి కుర్చీయే మారిపోయింది.

ఆ సంచీ సంగతి మన ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. దాన్ని జీపులో కుడివైపు పెడితే జీపు తనంతట తనే కుడికి తిరిగేదట. అందుకని మన డ్రైవరు, అంటే పడక మీద కూడా కుడికాలితో బ్రేకు వేస్తాడని వాళ్లావిడ పేరుపెట్టిన బ్రేకుల బాబాయి, దారిలో ఎడమ మలుపులు ఎక్కువుంటే సంచీని ఎడమవైపు పెట్టించి, స్టీరింగు వదిలేసి చల్లగా కూర్చునేవాడట. నమ్మేవాళ్లు నమ్మొచ్చు. డాక్టరమ్మగారు ఓ చూపు చూస్తే ఈగ కూడా కాళ్లు కడుక్కుని వాలేదన్నది మాత్రం ఆఫీసు మొత్తం నమ్మే సంగతి.

ఇలాంటి ముచ్చట్లతో వారి రిటైర్మెంటు సావనీరు నింపేద్దామని కమిటీవాళ్లు వారి దగ్గరికి వెళ్లారు. వారు కాగితాలు చదివి, నవ్వి, కళ్లజోడు నుదుటి మీదకి తోశారు.

"పొగడండి, కాదనను. పొగిడితే ఎవరికి చేదు? కానీ ట్యాంకు వెనక సందు సంగతి రాయాలి. అది లేకపోతే నా ఫోటో కూడా వెయ్యొద్దు."

"పండగలాంటి రోజున అదెందుకు మేడమ్?" అన్నారు కమిటీవాళ్లు.

"నా ఉద్యోగమంటే అదే కాబట్టి."

అందుకని ఆ సంగతి కూడా ఇక్కడ వస్తుంది. వారి కుటుంబసభ్యులకు ఇది కొత్త కాదు. కొత్తగా చేరినవాళ్లు మాత్రం కాస్త గుండె చిక్కబట్టుకుని చదువుకోవాలని మనవి.

మన విభాగం పనేమిటో వేరే శాఖల మిత్రులకు తెలియకపోవచ్చు. మందివ్వడం మన పని కాదు. జబ్బు ఎక్కడ పుట్టింది, ఎవరి చెయ్యి పట్టుకుని వచ్చింది, ఏ గుమ్మం దాటింది, ఏ గుమ్మం ముందు ఆగి వెనక్కి పోయింది అని ఇంటింటికీ తిరిగి ఆరా తీయడం మన పని. తీసిన ఆరా అంతా గోడమీద వీధి మ్యాప్‌లోకి ఎక్కుతుంది. జబ్బు వచ్చిన ఇంటికి ఒక ఎర్ర గుండుసూది. ఆ మ్యాప్‌లన్నీ గీసింది డాక్టరమ్మగారి శ్రీవారే. వారు బడిలో బొమ్మల మాస్టారు. మాస్టారు వీధి గీస్తే అరుగు మీద పడుకున్న పిల్లి కూడా అందులో ఉండేది, తోకతో సహా.

ఆరా తీయడంలో డాక్టరమ్మగారిది ఒక ప్రత్యేకమైన పద్ధతి. మిగతావాళ్లు గుమ్మంలో నిలబడి కాగితం తీసి వరసగా ప్రశ్నలడిగేవాళ్లు. ఇంటివాళ్లు కాగితాన్ని చూసి పన్నులవాళ్లేమోనని బిక్కచచ్చి, అన్నిటికీ "ఏం లేదండీ" అనేవాళ్లు. డాక్టరమ్మగారు తలుపు మీద రెండుసార్లు తట్టి, కాస్త ఆగి, మళ్లీ ఒకసారి తట్టేవారు. తలుపు తీయగానే నేరుగా వంటింటి వైపు చూసి, "ఏం కోస్తున్నావ్ వదినా? ఇలా ఇవ్వు" అని పీట లాక్కుని కూర్చునేవారు. ఇంటావిడ చేతిలోని చాకు వారి చేతిలోకి వచ్చేది. ఉల్లిపాయలు, టమాటాలు, కీరా దోసకాయలు చకచకా ముక్కలయ్యేవి. చెయ్యి పనిలో ఉంటే నోరు నిజం చెబుతుందని వారి నమ్మకం. అది నిజం కూడా. ఉల్లిపాయలు తరిగేలోపు ఆ ఇంట్లో ఎవరికి ఎప్పుడు విరేచనాలయ్యాయో, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో అంతా బయటికి వచ్చేసేది.

మరి చేతులు కడుక్కునేవారు కాదా అని అడగొచ్చు. కడుక్కునేవారు. కానీ అవి నీళ్లకి కటకటలాడే ఇళ్లు. బిందె నీళ్ల కోసం పొద్దున్నుంచీ క్యూలో నిలబడిన మనిషి ఎదురుగా సబ్బు పెట్టి, నాలుగు చెంబులు పోసుకోవడానికి వారికి మనసొప్పేది కాదు. వేళ్ల మీద కాసిని నీళ్లు చల్లుకుని, కొంగుకి తుడుచుకుని, పని అందుకునేవారు. మొహమాటం. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

విచిత్రమేమిటంటే, ఊళ్లో అందరి వంటిళ్లలో కూర్చునే ఈ మనిషికి సొంతింటి వంటింట్లోకి ప్రవేశం లేదు. అత్తగారు గడప దగ్గరే ఆపేసేవారు.

"అక్కడే ఉండు అమ్మాయ్! ఆ జబ్బుల చేతులతో నా గిన్నెలు ముట్టుకున్నావంటే ఊరుకోను. నీకేం కావాలో అక్కణ్ణుంచే చెప్పు."

"ఉల్లిపాయలు కోసి పెడతాను అత్తయ్యా."

"నువ్వు కోస్తే ఉల్లిపాయలకే ఏడుపొస్తుంది. పో, పోయి కూర్చో."

ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్లు. డాక్టరమ్మగారు కూడా.

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకి, ఒక వరద క్యాంపులో వారికే టైఫాయిడ్ వచ్చింది. ఆసుపత్రిలో పడుకుని కూడా పక్క మంచంవాళ్లని "మీరు ఏ బోరు నీళ్లు తాగారు?" అని అడుగుతూనే ఉన్నారట. జ్వరం తగ్గింది. వారు లేచారు. ఆఫీసు కేకు కోసింది. ఆ సంగతి వారూ మర్చిపోయారు, మనమూ మర్చిపోయాం. మర్చిపోనిది ఒక్క జ్వరమే.

ఆ తర్వాత ఏడాది దగ్గర్నుంచి బ్రేకుల బాబాయికి ఒక వింత తోచడం మొదలైంది. వడ్రంగుల వీధికి దగ్గుల సర్వేకి వెళ్లొచ్చారు. కొన్ని వారాలకి అక్కడ జ్వరాలు. స్టేషను వెనక క్వార్టర్లకి టీకాల లెక్కకి వెళ్లొచ్చారు. కొన్ని వారాలకి అక్కడా జ్వరాలు. మందులు పడ్డాయి, తగ్గాయి, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒకరోజు స్టేషను దారిలో బాబాయి అద్దంలోంచి వెనక సీటు వైపు చూసి అన్నాడు.

"అమ్మా, నాకో అనుమానం."

"బ్రేకులు పడటం లేదా?"

"అవి ఎప్పుడు పడ్డాయిలెండి! అది కాదు. మనం జ్వరం వెనకాల పోతున్నామా, జ్వరం మన వెనకాల వస్తోందా?"

డాక్టరమ్మగారు పగలబడి నవ్వారు. "జ్వరానికి జీపెందుకు బాబాయ్, నీ జీపు కంటే అది త్వరగా నడుస్తుంది" అన్నారు. బాబాయి కూడా నవ్వాడు. కానీ ఆ రోజంతా అద్దాన్ని ఒకటికి రెండుసార్లు తుడుచుకున్నాడు.

ట్యాంకు వెనక సందు సంగతి ఇలా మొదలైంది. అది కుట్టుపనివాళ్ల సందు. ఇటు గుమ్మంలోంచి చెయ్యి చాపితే అటు గుమ్మంలో కత్తెర అందేంత ఇరుకు. ఇంటింటికీ ఒక కుట్టుమిషను. పగలంతా ఆ మిషన్ల చప్పుడు ఎంత జోరుగా ఉండేదంటే, సందులో పుట్టిన పసిపిల్లలు ఆ చప్పుడు ఆగితే ఏడ్చేవాళ్లట. డాక్టరమ్మగారు పిల్లల టీకాల లెక్క కోసం ఆ సందులో ఇల్లిల్లూ తిరిగారు. అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నది సందు మధ్యలో ఉన్న దర్జీ ఇంట్లో. ఆ ఒక్క ఇంట్లోనే రెండు మిషన్లు, ఒకటి ఆయనది, ఒకటి ఆవిడది. దర్జీ భార్య మాటకారి. వీరి కోసమని ఒక పీట ప్రత్యేకంగా తీసి తుడిచి పెట్టేది.

"ఆఫీసర్లంటే కుర్చీలడుగుతారు. నువ్వేంటమ్మా, పీటడుగుతావ్?" అనేది.

"కుర్చీకి కాలు లేదు వదినా, అందుకే" అనేవారు డాక్టరమ్మగారు.

కొన్ని వారాలకి సందులోంచి కబురొచ్చింది. జీపు దిగగానే బాబాయి చెవి రిక్కించాడు. ఏదో తేడా. చప్పుడు పలచబడింది. మొదట్లో ఉన్న ఇంట్లో మిషను ఆగింది. లోపల జ్వరం. దాని పక్కింట్లోనూ ఆగింది. తర్వాతి ఇంట్లో మాత్రం ఆడుతోంది. మళ్లీ రెండిళ్లు నిశ్శబ్దం. వెళ్లిన ప్రతిసారీ ఇంకో మిషను ఆగిపోయి ఉండేది. మిట్టమధ్యాహ్నం, ఎండ నడినెత్తిన ఉండగా, ఆ సందులో నడుస్తుంటే పళ్లూడిన నోట్లో నడిచినట్టుండేదని బాబాయి ఇప్పటికీ అంటాడు.

డాక్టరమ్మగారు మ్యాప్ వేయించారు. ఎర్ర గుండుసూదులు గుచ్చారు. ట్యాంకు నీళ్లు పరీక్ష చేయించారు, శుభ్రం. పాలు శుభ్రం. ఐసు అమ్మేవాడి ఐసు, కాలవ పక్క బోరు, పెళ్లింటి భోజనం, ఏది చూసినా శుభ్రమే. అన్ని ఇళ్లకీ ఒకే నీళ్లు, ఒకే పాలు. అయినా జ్వరం ఒక ఇంట్లోకి వెళ్తోంది, పక్కింటిని వదిలేస్తోంది. ఏదో కళ్లున్నదానిలాగా, ఎంచుకుని మరీ. జ్వరం రాని ఇళ్లకీ వెళ్లి అడిగారు. అందులో ఒకటి ముసలి మేస్త్రీ ఇల్లు. ఆయన మొదటిసారి వెళ్లినప్పుడే మొహం మీద తలుపేసిన మనిషి. ఇప్పుడు కూడా తలుపు తీయకుండా లోపల్నుంచే కేకేశాడు.

"ఏం జ్వరం లేదు, ఏం లేదు! అడగాల్సింది అక్కణ్ణుంచే అడిగి పో!"

"మీరు తాగే నీళ్లెక్కడివి మేస్త్రీగారూ?"

"అందరూ తాగేవే!"

"పాలు?"

"అందరూ పోయించుకునేవే! అయిపోయిందా? ఇక పో తల్లీ!"

ఆ మేస్త్రీ గొంతు ఖంగుమంటోంది. పక్కనే, తలుపు తీసి పీట వేసిన దర్జీ ఇంట్లో, దర్జీ భార్యకి మూలుగు కూడా రావడం లేదు. మరో వారానికి జ్వరం పేగుల దాకా పోయి, ఆసుపత్రిలో ఆవిడ పోయింది.

దహనం అయిన మర్నాడు కూడా డాక్టరమ్మగారు సందుకి వెళ్లారు. వెళ్లకుండా ఉండలేకపోయారు. జ్వరం ఇంకా ఆగలేదు. వచ్చే సోమవారం నుంచి ఆడపిల్లల హాస్టల్లో సర్వే ఉంది. ఈలోగా ఇది ఎక్కణ్ణుంచి వస్తోందో తేలకపోతే ఎలా అని వారి బెంగ. మధ్యాహ్నం పూట, గోడనీడన నిలబడ్డారు. మిషన్లేవీ ఆడటం లేదు. దూరంగా ఒకే ఒక్కటి. ఆ నిశ్శబ్దంలో తలుపు చప్పుడు వినిపించింది. రెండుసార్లు. కాస్త ఆగి, ఇంకొకసారి.

అది వారి చప్పుడే. కానీ వారి చేతులు రెండూ సంచీ మీదే ఉన్నాయి.

చూస్తే పిల్లలు. పాడుబడ్డ గదికి ఊడిపోయిన తలుపొకటి గోడకి ఆనించి ఉంటే, దాని ముందు ఆడుకుంటున్నారు. ఇస్త్రీ ఆయన కూతురు, పళ్లూడి మళ్లీ వస్తున్న పిల్ల, గుడ్డపీలికలు కుక్కిన సంచీ భుజాన వేసుకుని తలుపు తడుతోంది. వెనకున్న పిల్ల తలుపు జరిపింది. సంచీ పిల్ల తియ్యగా నవ్వి అంది:

"ఏం కోస్తున్నావ్ వదినా? ఇలా ఇవ్వు."

అంతే. తలుపు వెనక పిల్లలందరూ దబదబా నేలమీద పడిపోయారు. కళ్లు మూసుకుని, కదలకుండా. దుమ్ములో. ఒక్కరూ నవ్వలేదు. సంచీ పిల్ల వాళ్లని ఒకసారి చూసుకుని, తలుపు దగ్గరగా వేసి, పక్కనున్న ఇంకో గోడ దగ్గరికి నడిచింది. మళ్లీ తట్టడానికి.

డాక్టరమ్మగారు దగ్గరికి వెళ్లారు.

"ఏం ఆట తల్లీ ఇది?"

"జ్వరం ఆట."

"జ్వరం ఎవరు?"

"నేనే" అంది పిల్ల గొప్పగా. తీగ వంచి చేసిన కళ్లజోడు దాని నుదుటి మీద ఉంది.

"మరి ఆ కళ్లజోడు పైన పెట్టుకున్నావేం? కళ్లకి పెట్టుకోవాలి కదా?"

"జ్వరం అలానే పెట్టుకుంటుందిగా" అంది పిల్ల. అప్పుడు తలెత్తి వారి మొహం చూసింది. నుదుటి వైపు చూసింది. భుజం మీది సంచీ వైపు చూసింది. ఒక్కో అడుగే వెనక్కి వేసింది. "మా ఇంటికి రావు కదూ? నువ్వొస్తే మా అమ్మ తలుపు తియ్యొద్దంది."

నేలమీద పడుకున్న పిల్లలు కళ్లు తెరవకుండానే వింటున్నారు.

డాక్టరమ్మగారు కళ్లజోడు తీసి సంచీలో పెట్టుకున్నారు. జీపెక్కి కూర్చుని మాస్టారు గీసిన మ్యాప్ ఒళ్లో పరుచుకున్నారు. గుండుసూది లేని ఇళ్లు ఒక్కొక్కటే వేలితో తాకుతూ పోయారు. మేస్త్రీ ఇల్లు, తలుపేశాడు. ఇస్త్రీ ఆయన ఇల్లు, ఆ రోజు తాళం. మలుపులో ఇల్లు, పన్నులవాళ్లనుకుని భయపడి బయటి నుంచే పంపేశారు. సూది లేని ఏ ఇంట్లోనూ వారు పీట వేసుకోలేదు. సూది ఉన్న ఇళ్లన్నిటిలోనూ వారు ఏదో ఒకటి తరిగారు. నీళ్లెక్కడివని అడిగారు, పాలెక్కడివని అడిగారు, బయటివాళ్లెవరైనా వచ్చారా అని కూడా అడిగారు. అందరూ ఎవరూ రాలేదన్నారు. ఎదురుగా కూర్చుని కూరగాయలు కోస్తున్న మనిషిని బయటి మనిషి అని ఎవరూ అనుకోలేదు. వారూ అనుకోలేదు.

"ఎక్కడికమ్మా?" అన్నాడు బాబాయి.

"ఇంటికి. కిటికీలన్నీ తెరిచి పోనీ."

ఇంట్లో వంటింటి గడప దగ్గర నిలబడిపోయారు. అత్తగారు తిరిగి చూశారు.

"ఏంటలా రాయిలా నిలబడ్డావ్? ఏం కావాలి?"

"ఏం వద్దు అత్తయ్యా. మీరన్నది నిజమేనేమో."

"ఏమన్నానే?"

"జబ్బుల చేతులని."

అత్తగారి చేతిలో గరిటె ఆగింది. దగ్గరికి వచ్చి, "నువ్వు కోస్తే ముక్కలు లావుగా వస్తాయని అన్నానే పిచ్చిదానా. ఇంకొకందుకు కాదే" అన్నారు. అని, వారి చేతులు రెండూ పట్టుకోబోయారు. డాక్టరమ్మగారు వెనక్కి తీసుకున్నారు.

మర్నాడు ఆఫీసులో ల్యాబు బల్ల మీద మలపరీక్షకని, పేరు రాయని సీసా ఒకటి ప్రత్యక్షమైంది. ల్యాబు చూసే ఉద్యోగిని మనమంతా సీసాల సారు అంటాం. ఆయన సీసాలతో మాట్లాడతాడు, మనుషులతో మాట్లాడడు. పరీక్షలో ఏమీ లేదని తేలింది. డాక్టరమ్మగారు ఇంకో సీసా పెట్టారు. అదీ శుభ్రం. ఈ క్రిములు కొందరి ఒంట్లో దాక్కుని అప్పుడప్పుడే బయటికి వస్తాయి కాబట్టి, మళ్లీ పెట్టారు. ఆ మధ్యలో హాస్టలు సర్వేకి వెళ్లనని సెలవు చీటీ రాసిచ్చారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు సీసాల సారు తనంతట తనే వారి గదికి నడిచొచ్చాడు. అదే ఒక వార్త.

"మేడమ్, ఆ పేరులేని సీసా..."

"చెప్పండి."

"ఉంది. నిండా ఉంది. అది ఎవరిదో గానీ, ముందు వాళ్లని వంటింట్లోంచి బయటికి లాగండి."

"లాగేశాను" అన్నారు డాక్టరమ్మగారు.

సీసాల సారు వారి వైపు చూశాడు. కుర్చీ జరిపి, వారి ఎదురుగా కూర్చుండిపోయాడు. టీ వచ్చింది, చల్లారింది. ఇద్దరూ ముట్టుకోలేదు.

అప్పటి మన పెద్దసారు మంచి మనిషే. తలుపు వేసి, మెల్లగా చెప్పారు.

"రిపోర్టులో మూలం తెలియలేదని రాద్దాం. మీరు మందులు వాడండి. ఇక ఇళ్లకి వెళ్లొద్దు. అయిపోతుంది."

"మూలం తెలిసింది కదా సార్."

"మీకు తెలుసు, నాకు తెలుసు, సీసాలాయనకి తెలుసు. ఆయన ఎలాగూ మాట్లాడడు."

"జ్వరానికి కూడా తెలుసు సార్."

పెద్దసారు లేచి నిలబడ్డారు. "ఆలోచించమ్మా! ఇది బయటపడితే రేపట్నుంచి ఈ ఊళ్లో మనకి ఒక్క తలుపు తెరుచుకోదు. టీకాలెవరు వేస్తారు? పిల్లలేమైపోతారు?"

అది కాదనలేని మాట. ఇళ్లలోకి వెళ్లడమే డాక్టరమ్మగారి ఉద్యోగం, వారి సంతోషం. వంటింట్లో పీట పోతే వారికి ఇంకేం మిగలదు. అది వారికి తెలుసు. అయినా అన్నారు:

"ఈసారి తలుపు తీయనివాళ్లే బాగున్నారు సార్. అది వాళ్లకి చెప్పకుండా మళ్లీ తలుపెలా తట్టను?"

లేచి మ్యాప్ దగ్గరికి వెళ్లారు. మాస్టారు మ్యాప్ మూలలో మన ఆఫీసు బొమ్మ కూడా గీసి ఉంది, గేటుతో, జీపుతో సహా. దాని మీద ఎర్ర గుండుసూది గుచ్చారు. ఆ సందు జ్వరానికి మొదటి సూది అదే.

ఆ తర్వాత సందుకి వెళ్లారు. తోడు వస్తానన్నవాళ్లని వద్దన్నారు. బాబాయి మాత్రం జీపు దిగకుండా, ఇంజను ఆపకుండా, కుడికాలు బ్రేకు మీద పెట్టుకుని కూర్చున్నాడు. ప్రతి ఇంటి ముందూ గుమ్మానికి ఇవతల నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, వారు ఒకటే మాట చెప్పారు: "ఈ జ్వరం నా చేతుల మీదుగా వచ్చింది. నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. మందులు రేపు నర్సమ్మ తెచ్చి ఇస్తుంది. నేను లోపలికి రాను." కొందరు తిట్టారు. ఒకావిడ వారి కాళ్ల దగ్గర చెంబు విసిరికొట్టింది. కొందరు అర్థంకాక, "లోపలికి రా డాక్టరమ్మా, ఎండలో నిలబడ్డావేం" అన్నారు. అన్నిటికంటే వారిని కదిలించింది ఆ రమ్మన్న పిలుపేనట. మేస్త్రీ తలుపు తీసి, వారిని కిందినుంచి పైదాకా చూసి, గొంతు తగ్గించి, "నీళ్లు తాగుతావా?" అన్నాడు.

దర్జీ మిషను మీద ఉన్నాడు. వారు చెబుతున్నంతసేపూ కాలు ఆపలేదు, తల ఎత్తలేదు. గుడ్డ అయిపోయినా సూది ఉత్తినే ఆడుతూనే ఉంది. గోడకి ఆ పీట నిలబెట్టి ఉంది.

"నా పెళ్లాం ఎప్పుడూ నీ గురించే చెప్పేది" అన్నాడు చివరికి. "వచ్చి పని అందుకున్న ఆఫీసరు నువ్వొక్కదానివేనని."

దర్జీ కాలు ఆపాడు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదు" అన్నారు డాక్టరమ్మగారు.

"మరెందుకు చెప్పావమ్మా?" అన్నాడు దర్జీ. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. అతను లేచి, మెల్లగా, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.

సందులో జ్వరం ఆగిపోయింది. ఆగిన మిషన్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి, ఒక్కటి తప్ప. డాక్టరమ్మగారు నెలల తరబడి మందులు మింగారు, పొట్ట కోయించుకుని క్రిములు దాక్కున్న పిత్తాశయం తీయించుకున్నారు. సీసాల సారు దాన్ని ఓ సీసాలో పెట్టి, రోజూ దానికి హాజరు వేసేవాడని ఒక వదంతి. ఒంట్లో ఇక ఏమీ లేదని తేలేదాకా, మళ్లీ మళ్లీ తేలేదాకా, వారు ఏ ఇంటి గడపా దాటలేదు. పెద్దసారు భయపడ్డట్టు కొన్నాళ్లు తలుపులు తెరుచుకోలేదు కూడా. వారు తలుపుల బయట నిలబడే పనిచేశారు. ఎండలో, వానలో, సంచీలో సొంత సబ్బు, సొంత నీళ్లతో. మెల్లగా ఒక్కో తలుపూ తెరుచుకుంది. ఇప్పటికీ ఏ వీధి మ్యాప్ వేసినా మన విభాగంలో మొదటి గుండుసూది మన ఆఫీసు మీదే పడుతుంది. మొదటి సీసాలు మనవే ఉంటాయి. పెద్దసారు స్థానంలోకి వారే వచ్చాక పెట్టిన పద్ధతి అది. ఆ తర్వాతి ఏళ్లలో ఎన్నో జ్వరాలు, ఎన్నో వాంతులు, ఎన్నో వీధులు. వారి చేతికింద తయారైన పరిశోధకులు ఇవాళ ఎన్నో విభాగాల్లో అధిపతులు. వారి పత్రాలు, పురస్కారాల సంగతి వేరే పేజీల్లో ఉంది.

ఒక్క గుమ్మం మాత్రం మిగిలిపోయింది. ఆవిడ పోయిన రోజున ప్రతి ఏడాదీ డాక్టరమ్మగారు దర్జీ ఇంటికి వెళ్లేవారు. గుమ్మం బయట నిలబడేవారు. దర్జీ మిషను మీంచి తల ఊపేవాడు. కాసేపుండి వచ్చేసేవారు. ఇద్దరూ ముసలివాళ్లవుతూ వచ్చారు.

పోయిన నెల కూడా అలాగే వెళ్లారు. రిటైరవుతున్నానని చెప్పడానికి. బాబాయి ఎప్పుడో రిటైరైనా, ఆ రోజు తానే జీపు నడుపుతానని పట్టుబట్టి తీసుకెళ్లాడు. మధ్యాహ్నం. సందులో మిషన్ల హోరు. పిల్లలు అదే ఆట ఆడుతున్నారు. వాళ్లకి అదెక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ఆటలో ఒక్క మాట మాత్రం మారింది. ఇప్పుడు జ్వరం తలుపు తట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, "నేనే, లోపలికి రాను" అంటుంది. అంటే ఎవరూ పడిపోనక్కర్లేదు. ఎవరైనా లోపలికి రానిస్తేనే పడిపోవాలి.

డాక్టరమ్మగారు రెండుసార్లు తట్టారు. ఆగి, మళ్లీ ఒకసారి. తలుపు తెరుచుకుంది. దర్జీ గుమ్మంలో నిలబడ్డాడు. కంట్లో శుక్లాలు, చేతిలో చాకు. గోడకి నిలబెట్టి ఉన్న పీట అన్నేళ్లలో మొదటిసారి నేలమీద ఉంది. దాని పక్కన ఒక చెంబు నీళ్లు, సబ్బు.

"కళ్లు ఆనడం లేదమ్మా. వేళ్లు కోసుకుంటున్నా" అన్నాడు. "ఉల్లిపాయలున్నాయి. రా, వచ్చి కొయ్యి."

డాక్టరమ్మగారు చేతులు కడుక్కున్నారు. మోచేతుల దాకా. ఎంతసేపు కడుక్కున్నారో, చెంబు ఖాళీ అయితే దర్జీ ఇంకో చెంబు తెచ్చాడు. అప్పుడు గడప దాటారు.

బయట సందులో పిల్లలు అది చూశారు. తలుపు తెరుచుకోవడం, నుదుటి మీద కళ్లజోడు పెట్టుకున్న మనిషి లోపలికి వెళ్లడం. ఎవరూ చెప్పకుండానే, ఒకళ్ల తర్వాత ఒకళ్లు, సందు మొత్తంలో ఎక్కడివాళ్లక్కడ నేలమీద పడిపోయారు. కళ్లు మూసుకుని, కదలకుండా. అది చూసి ఎందుకో తెలియకుండానే మిషన్లు కూడా ఆగిపోయాయి. సందంతా నిశ్శబ్దం. ఒకే ఒక్క చప్పుడు: దర్జీ ఇంట్లోంచి, చెక్క మీద చాకు. టక, టక, టక.

ఉల్లిపాయలకి కళ్లనీళ్లు కారుతుండగా డాక్టరమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. దుమ్ములో పడుకున్న పిల్లల్ని చూశారు.

"ఏమైందర్రా మీకు? లేవండి. ఎవరికీ ఏమీ కాలేదు. లేవండి."

పిల్లలు ఒక కన్ను తెరిచారు. రెండో కన్ను తెరిచారు. కేరుమంటూ లేచి పరుగెత్తారు. మిషన్లు మళ్లీ మొదలయ్యాయి. ఆ హోరులో, అన్నేళ్ల తర్వాత, దర్జీ భార్య మిషను కూడా ఉందని బాబాయి ఒట్టేసి చెబుతున్నాడు. బాబాయి మాటలు మీకు తెలిసినవే. కానీ ఈ ఒక్కటి నమ్మాలని ఉంది.

డాక్టరమ్మగారూ, మీరు తట్టిన ప్రతి తలుపూ ఇక మీకోసం తెరిచే ఉండుగాక. మీ అత్తగారు తొంభయ్యో పడిలో కూడా గరిటె పట్టుకుని, ఇకనైనా మిమ్మల్ని వంటింట్లోకి రానిచ్చుదురుగాక. మాస్టారు ఇక వీధులు కాక మీ బొమ్మ గీయుదురుగాక. ఒంట్లో ఏ క్రిమికీ చోటివ్వకుండా, చేతిలో చాకు వణకకుండా, ముక్కలు లావుగా వచ్చినా సరే, చాలా ఏళ్లు, చాలా చాలా ఏళ్లు ఆయురారోగ్యాలతో మీరు కోస్తూ ఉండాలని, మేము ఎదురుగా కూర్చుని నిజాలు చెబుతూ ఉండాలని, మన విభాగం తరఫున మనసారా కోరుకుంటున్నాం.